గ్రహశకలాల మందగమనం

గ్రహశకలాలన్నీ కొద్ది కొద్దిగా ఆలస్యంగా నడుస్తున్నాయని లోకానికి చాటింది నేనే. దాంతో నాకు పేరొచ్చింది, పేపర్లో ఫొటో పడింది, వీధి మొత్తానికి మైసూర్ పాక్ కూడా పంచాను. ఇప్పుడా సంగతి నా నోటితో నేనే చెప్పుకోవాల్సి వచ్చింది కాబట్టి మొదట్నించీ చెప్తాను. మధ్యలో నన్ను తిట్టాలనిపిస్తే తిట్టుకోండి, నేనేమీ అనుకోను. నేను తిట్టుకున్నంత మీరు తిట్టలేరు.

నా పేరు హైమావతి. మార్కాపురంలో మూతపడ్డ ఒక పలకల ఫ్యాక్టరీ మేడ మీద మా నీడల గది ఉంది. అక్కడ మేం చేసే పని చెప్పడానికి తేలికే. అంగారకుడికి అవతల తిరిగే ఏదో ఒక రాయి ఒకరోజు ఒక నక్షత్రానికి అడ్డం వస్తుంది. అప్పుడు ఆ రాయి నీడ భూమ్మీద పడి పరిగెత్తుతుంది. నీడ దారిలో ఉన్న ఊరివాళ్ళకి ఆ నక్షత్రం రెండు మూడు సెకన్లు ఆరిపోయి మళ్ళీ వెలుగుతుంది, పక్క ఊరివాళ్ళకి ఏమీ కనపడదు. ఏ రాయి, ఏ క్షణాన, ఏ ఊరి మీదుగా పోతుందో ముందే చెప్పడం నా పని. దానికోసం తొమ్మిదేళ్ళు కూర్చుని 'నీడబాట' అని ఒక ప్రోగ్రాం రాశాను. మిగతా దేశాలవాళ్ళు కిలోమీటర్లలో చెప్పే రోజుల్లో అది మీటర్లలో చెప్పేది. నీడ పోయిన ప్రతిసారీ మేం చూసిన టైము దానికి ఇస్తే రాయి దారిని అదే సరిచేసుకునేది. మనం ఏది పెడితే అది తింటుంది, అదీ దాని గుణం.

ఆ టైము చెప్పేది మా ఆయన. పేరు చెన్నకేశవులు. మార్కాపురం రోడ్ రైల్వేస్టేషన్లో స్టేషన్ మాస్టరుగా పనిచేసి, ఉద్యోగం మానుకుని నాతోపాటు ఈ పిచ్చిలో పడ్డారు. టెలిస్కోపుకి కన్ను ఆనించి కూర్చునేవారు, పక్కన రికార్డరు నడుస్తూ ఉండేది. నక్షత్రం ఆరగానే "పోయింది" అనేవారు, వెలగగానే "వచ్చింది" అనేవారు. మనిషన్నాక కంటితో చూడటానికీ నోటితో అనడానికీ మధ్య కొంత ఆలస్యం ఉంటుంది. ఆ ఆలస్యం రోజుకో రకంగా ఉంటుంది, నిద్ర చాలకపోతే ఒకలా, కాఫీ తాగితే ఒకలా. మా ఆయనకి అలా కాదు. దీపం వెలిగించి ఆర్పి నాలుగు వందలసార్లు పరీక్షించాం. ప్రతిసారీ సున్నా పాయింట్ ముప్పై ఒక్క సెకను. పదకొండేళ్ళపాటు ప్రతి ఉగాదికీ, పచ్చడి తిన్న చేతులు కడుక్కుని, వంద దీపాల పరీక్ష పెట్టేవాళ్ళం. పదకొండేళ్ళూ ముప్పై ఒకటే.

మాకింకో మనిషి ఉన్నారు, జిలానీ మాస్టారు. హైస్కూల్లో ఫిజిక్స్ చెప్తారు, చేతిపని బాగా తెలిసినవారు. తక్కువ ఖర్చులో కెమెరా డబ్బాలు చేసి పెట్టేవారు. వాటిలో వచ్చిన చిక్కేమిటంటే ఒక్కో డబ్బా ఒక్కోలా ఆలస్యంగా టైము చూపేది. దాన్ని ఎవరితో సరిపెట్టాలి? మా ఆయనతోనే. నక్షత్రం ఆరినప్పుడు ఆయన చెప్పిన టైములోంచి ముప్పై ఒకటి తీసేసి, డబ్బాలన్నిటినీ దానికి కలిపేవాళ్ళం. డబ్బాకీ ఆయనకీ తేడా వస్తే తప్పు డబ్బాదే. ఇది మా గదిలో ఎవరూ రాసిపెట్టని చట్టం.

ఆ ఏడు మార్గశిరంలో మా అత్తగారు పోయారు. ఏటి సూతకం కదా, పండగలు లేవు. ఉగాది రోజున పచ్చడీ చెయ్యలేదు, దీపాల పరీక్షా పెట్టలేదు. పండగే లేనప్పుడు పరీక్షేంటి అనుకున్నాం. నిజానికి ఆ రెండింటికీ సంబంధం లేదు. కానీ అలవాటు పండగతో ముడిపడిపోయింది, పండగతోపాటే ఆగిపోయింది.

ఆ వేసవిలోనే మొదలైంది. ఒక రాయి నా లెక్కకన్నా సెకనులో ముప్పయ్యో వంతు ఆలస్యంగా వచ్చింది. పోనీలే అని దాని దారి సరిచేశాను. రెండు నెలల తర్వాత ఇంకో రాయి, అదీ ఆలస్యమే. తర్వాత మూడోది. నక్షత్రం ఎంతసేపు ఆరి ఉందో ఆ లెక్క మాత్రం చక్కగా సరిపోయేది. 'పోయింది' ఎంత ఆలస్యమైతే 'వచ్చింది' కూడా అంతే ఆలస్యం మరి. డబ్బాలు కూడా అదే చెప్పాయి. చెప్పక చస్తాయా, వాటిని కలిపిందే ఆయనతో.

ఏడాది తిరిగేసరికి ఆరు రాళ్ళు. ఆరూ ఆలస్యమే, పోనుపోను ఇంకా ఎక్కువ. నాకు నిద్ర పట్టలేదు. అంతరిక్షంలో మనకి తెలియనిదేదో ఈ రాళ్ళని వెనక్కి పట్టి లాగుతోందని అనుమానం వచ్చి, అనుమానం నమ్మకమైంది. దానికి మందగమనం అని పేరు పెట్టి వ్యాసం రాసి పంపాను. బయటిదేశాలవాళ్ళలో కొందరు మీ గడియారాలు చూసుకోండమ్మా అని మర్యాదగానే రాశారు. నాకు ఒళ్ళు మండింది. మా డబ్బాలు పన్నెండూ ఒకేమాట చెప్తున్నాయని, మా దగ్గర ప్రపంచంలోకెల్లా నిలకడైన కన్ను ఉందని గట్టిగా జవాబిచ్చాను. కొందరు నమ్మారు. మైసూర్ పాక్ పంచింది అప్పుడే.

వ్యాసం ఇంకా రాస్తున్న రోజుల్లోనే రెండో ఉగాది వచ్చింది, అప్పటికి సూతకం తీరిపోయింది. జిలానీ మాస్టారు దీపం పట్టుకొచ్చి, వంద లెక్క పెడదామా మేడమ్ అన్నారు. నేను వ్యాసం దిద్దుకుంటూ ఉన్నాను. ఆయన్ని పరీక్షించడమంటే థర్మామీటరుకి జ్వరం చూడటమే మాస్టారూ, పనుంది వెళ్ళండి అన్నాను. నా మొహం. ఆ మాట ఎన్నిసార్లు గుర్తొచ్చిందో చెప్పలేను. మూడో ఉగాదికి గుర్తుచేసిన వాళ్ళే లేరు.

ఇంట్లో తెలియలేదా అని అడుగుతారు. తెలియలేదు. ఆయన మొదట్నించీ ఆచితూచి మాట్లాడే మనిషి. మంచినీళ్ళు కావాలా అంటే ఒక క్షణం ఆగి వద్దనేవారు. గ్యాస్ మీద పాలు పొంగుతుంటే చూస్తూనే ఉండి, పొంగిపోయాక కట్టేశారొకసారి. ఏ లోకంలో ఉన్నారండీ అని విసుక్కున్నాను. షటిల్ ఆడటం మానేశారు, మోకాళ్ళని చెప్పారు. యాభై ఎనిమిదేళ్ళ మనిషికి ఇవన్నీ జబ్బులని ఎవరనుకుంటారు? మీరైతే అనుకుంటారా?

నా మందగమనానికి అసలు పరీక్ష ఫిబ్రవరిలో వచ్చింది. నూటయాభై మీటర్ల చిన్న రాయి, భూమికి బాగా దగ్గరగా పోతోంది. దాని నీడ తర్లుపాడు దగ్గర పొలాల మీదుగా దక్షిణం నుంచి ఉత్తరానికి పోతుంది. ఇందులో కిటుకుంది. నీడ వచ్చేలోపు భూమి తూర్పుకి తిరుగుతూనే ఉంటుంది కాబట్టి, రాయి అరసెకను ఆలస్యమైతే నీడ రెండు వందల మీటర్లకు పైగా పడమటికి పడుతుంది. అందరూ చెప్పిన గీత ఒకచోట ఉంది, నా గీత దానికి నూట ఎనభై మీటర్లు పడమరగా ఉంది. రాళ్ళు నిజంగా ఆలస్యమవుతుంటే నీడ నా గీత మీదే పడాలి. పన్నెండు డబ్బాల్నీ ఒకే చేలో నా గీతకి అటూ ఇటూ వరసగా పెట్టించాను. ఒక్కటి కూడా అందరి గీత వైపు పెట్టనివ్వలేదు.

తెల్లవారుజామున నాలుగూ యాభైకి అందరం మా డబ్బాల దగ్గర కూర్చున్నాం. నక్షత్రం ఆరలేదు. పన్నెండు డబ్బాల్లో ఒక్కదాంట్లోనూ రెప్ప కూడా కొట్టలేదు. టైము దాటిపోయింది, తెల్లారిపోయింది, నేను అలా గట్టు మీదే ఉండిపోయాను. మా ఆయన ఫ్లాస్కులో కాఫీ తెచ్చిచ్చి, పోనీలే హైమా, ఇంకో రాయొస్తుంది అన్నారు.

అప్పుడు జిలానీ మాస్టారు కాళ్ళకి బురదతో రెండు చేల అవతల్నుంచి నడుచుకుంటూ వచ్చారు. ఆయన ఆ వారమే పదమూడో డబ్బా ఒకటి కొత్తగా చేసుకుని, సరదాకి తెచ్చుకున్నారు. మా పక్కనే పెడదామంటే రైతు మిరప చేనుకి నీళ్ళు వదిలాడట, నిలబడే చోటు లేక తూర్పుగా పొడి నేల వెతుక్కుంటూ పోయారట. ఆయన డబ్బాలో నక్షత్రం ఆరింది. నా మొహం చూడటానికి మొహమాటపడుతూ డబ్బా నా చేతిలో పెట్టారు. అది కొత్త రకం, ఉపగ్రహం నుంచి టైము నేరుగా తీసుకుంటుంది, ఎవరితోనూ కలపక్కర్లేదు. అందులో టైము చూశాను. నా లెక్కకన్నా సున్నా పాయింట్ నలభై సెకన్లు ముందు. అంటే అందరూ చెప్పిన టైముకే, అందరూ చెప్పిన చోటే. రాయి ఆలస్యమవనే లేదు.

మధ్యాహ్నం అన్నం తినకుండా నీడల గదిలో కూర్చున్నాను. రాళ్ళకి నేను చేసిన దిద్దుబాట్లన్నీ తీసేసి, తర్వాత వచ్చిన రెండింటితో కలిపి ఎనిమిది రాళ్ళ ఆలస్యాల్నీ తారీఖు వారీగా ఒకే కాగితం మీద పెట్టాను. వేర్వేరు రాళ్ళు, వేర్వేరు దారులు, ఒకదానికొకటి సంబంధమే లేదు. అయినా ఎనిమిది చుక్కలూ ఒకే గీత మీద కూర్చున్నాయి. ముందటి రాళ్ళవి కూడా కలిపితే పదకొండేళ్ళు చదునుగా పోయి, అక్కడ్నించి మెల్లగా తల ఎత్తి, పైకి లేస్తున్న గీత. అలాంటి గీత రాళ్ళకి ఉండదు. ఎనిమిదింటికీ ఉమ్మడిగా ఉన్నది ఒక్కటే, 'పోయింది' అన్న నోరు.

పక్క గదిలో ఆయన రేడియో వింటూ ఉన్నారు. దీపం తీసుకుని వెళ్ళాను. ఏంటి, ఇవాళ ఉగాదా అని నవ్వారు. వందసార్లు వెలిగించి ఆర్పాను. ముప్పై ఒకటి కాదు. డెబ్భై ఒకటి. విశ్వం నెమ్మదించిందని నమ్మాను గానీ, నా పక్కన పడుకున్న మనిషి మూడేళ్ళుగా నెమ్మదిస్తున్నాడని ఒక్కసారి కూడా అనుకోలేదు.

హైదరాబాద్‌లో ఒక నరాల డాక్టరమ్మకి చూపించాం. తీగ మీద రబ్బరు ఊడిపోయినట్టు నరాల మీది పూత ఊడిపోతోందని, అందుకే కబురు మెదడు దాకా పోయి రావడానికి ఆలస్యమవుతోందని చెప్పింది. ముందు మాట పోతుందట, తర్వాత మింగడం, తర్వాత ఊపిరి. ఆ పూతని తిరిగి పట్టించే ఇంజెక్షన్లు నాలుగేళ్ళ కిందటే వచ్చాయట. జబ్బు మొదలైన పద్దెనిమిది నెలల్లోపు ఇస్తే ఆగిపోతుందట. కాకపోతే అంత తొందరగా ఎవరికీ పట్టుబడదు, సెకనులో పదో వంతు తేడాని ఇంట్లో ఎవరు కనిపెడతారు?

ఆయన్ని స్కానింగ్‌కి తీసుకెళ్ళినప్పుడు నా కాగితం ఆమె ముందు పెట్టాను. చాలాసేపు చూసింది. గీత ఎక్కడ తల ఎత్తిందో అక్కడ వేలు పెట్టింది.

"ఈ జబ్బుని ఇంత మొదట్లోనే ప్రపంచంలో ఎవరూ చూడలేదమ్మా. మీ దగ్గర ఉన్నంత సన్నటి కొలత ఏ ఆస్పత్రిలోనూ లేదు. ఇది మీరు రెండేళ్ళ కిందట తెచ్చి ఉంటే..."

మిగతాది నేనే లెక్కేసుకున్నాను. ఆ రెండో ఉగాది నాటికి ఏడాది. దీపం పరీక్ష నలభై రెండు చూపించేది. ఇంకా ఆరు నెలలు చేతిలో ఉండేవి. అయినా ఇంజెక్షన్లు ఇచ్చి చూడమన్నాను, బతిమాలాను, దబాయించాను. ఇచ్చారు. ఒక కోర్సు పూర్తయింది, గీత పైకెక్కడం ఆగలేదు.

ఆయనకి అన్నీ నేనే చెప్పాను, రైల్లో తిరిగొస్తూ. వ్యాసం సంగతి, డబ్బాల సంగతి, థర్మామీటరు మాట కూడా దాచలేదు. ఆయన కిటికీలోంచి చూస్తూ విన్నారు.

"అయితే నన్ను నమ్మి రాళ్ళని జరిపావన్నమాట" అన్నారు చివరికి. నవ్వుతూనే అన్నారు. ఒక్క తిట్టు తిట్టినా నాకు బాగుండేది.

పత్రికలకి ఉత్తరం రాశాను, మందగమనం రాళ్ళది కాదని, మా పరిశీలకుడిదని. ఎంత నిజాయితీ అని ఎవరో మెచ్చుకుంటూ జవాబు రాశారు. చదివి పక్కన పడేశాను.

తర్వాత ఆయనే పేచీ మొదలుపెట్టారు, తన గీత కూడా వెయ్యమని. రాయి ఎప్పుడెక్కడుంటుందో చెప్పే నీడబాట, ఈ గీత ఎప్పుడెక్కడుంటుందో చెప్పలేదా అని. దానికి రాయైనా మనిషైనా ఒకటే, చుక్కలిస్తే చాలు. వారంరోజులు కుదరదన్నాను. కసిరాను. వంటింట్లోకి పోయి తలుపేసుకున్నాను.

"బండి ఆలస్యమని తెలిసీ ప్లాట్‌ఫారం మీదవాళ్ళకి చెప్పకపోతే అదేం ఉద్యోగం హైమా" అన్నారు తలుపు అవతల నుంచి. "ఎంత ఆలస్యమో చెప్పాలి. వాళ్ళు ఏం చేసుకుంటారో వాళ్ళిష్టం."

వేశాను. మేలో ఒకటి పాయింట్ ఒకటి సెకన్ల ఆలస్యం. సెప్టెంబరుకి ఒకటి పాయింట్ ఎనిమిది. డిసెంబరు మొదటివారానికి రెండు పాయింట్ ఆరు. పై ఏడు శ్రావణానికి మాట ఉండదు. ఆ తర్వాతి తారీఖులు కూడా వచ్చాయి. ఆయన చదివి, కాగితం మడిచి జేబులో పెట్టుకుని, సాయంత్రం బజారుకెళ్ళి చిక్కుడుకాయలు తెచ్చారు. నేను వాటిని గిల్లుతూ కూర్చున్నాను. ఇంట్లో ఇంకేం చెయ్యాలో నాకు తెలియలేదు.

వారానికొకసారి దీపం పరీక్ష పెట్టేదాన్ని. ఒక్క వారమైనా చుక్క గీత మీంచి కిందికి జారుతుందేమోనని. ప్రోగ్రాంలో తప్పు కోసం వెతికాను. తొమ్మిదేళ్ళు రాసిన కోడంతా వరస తప్పకుండా మళ్ళీ చదివాను. ఒక్క తప్పుంటే చాలు, ఒక్కటంటే ఒక్కటి దొరకాలని కనపడ్డ దేవుడికల్లా మొక్కాను. దొరకలేదు. చుక్కలు పోయి గీత మీదే కూర్చున్నాయి, వెంట్రుకంత తేడా లేదు. ఇంత మంచి ప్రోగ్రాం రాసినందుకు నా చేతులు విరిచేసుకోవాలనిపించింది.

ఈలోపు బతుకు మామూలుగానే నడిచేది. ఉప్పు సరిపోయిందా అని అడిగి, ఆయన జవాబు కోసం ముద్ద చేతిలో పట్టుకుని ఆగేదాన్ని. ఫోన్లో చుట్టాలు ఆయన మాట్లాడటం లేదనుకుని పెట్టేసేవాళ్ళు. జవాబు వస్తుందర్రా, కాస్త ఓపిక పట్టండి అని నేను మళ్ళీ ఫోన్ చేసి కేకలేసేదాన్ని. మెట్ల దగ్గర మాత్రం ముందు నేను దిగేదాన్ని, పడితే నా మీద పడతారని.

డిసెంబరు నాలుగున ఒక నీడ సరిగ్గా మార్కాపురం మీదుగా పోతుందని నీడబాట చెప్పింది. ఇరవై కిలోమీటర్ల రాయి, సాయంత్రం ఏడూ ఇరవై రెండుకి, నక్షత్రం రెండు సెకన్లు ఆరుతుంది. ఇలాంటిది మా ఊరి మీదుగా మళ్ళీ రావడానికి ఆరేళ్ళు పడుతుంది. నేను డబ్బాలు చాలన్నాను. ఆయన వినలేదు, చూస్తానన్నారు. నేనూ జిలానీ మాస్టారూ చెరో రెక్కా పట్టుకుని ఫ్యాక్టరీ మేడ మీదికి ఎక్కించాం. కన్ను ఆనించి కూర్చున్నారు, రికార్డరు పెట్టాం. నేను పక్కన డబ్బా తెర చూస్తూ కూర్చున్నాను.

ఏడూ ఇరవై రెండు. తెర మీద నక్షత్రం ఠక్కున ఆరిపోయింది. ఆయన ఏమీ అనలేదు. ఒక సెకను. రెండు సెకన్లు. నక్షత్రం మళ్ళీ వెలిగింది, ఏమీ జరగనట్టు మెరుస్తోంది. ఆయన ఇంకా ఏమీ అనలేదు.

"పోయింది" అన్నారప్పుడు.

వెలుగుతున్న నక్షత్రాన్ని చూస్తూ అన్నారు. అది తిరిగొచ్చిన సంగతి ఆయన దాకా ఇంకా రాలేదు. జిలానీ మాస్టారు అటు తిరిగి పిట్టగోడ పట్టుకున్నారు. సరిగ్గా రెండు సెకన్లకి "వచ్చింది" అన్నారు ఆయన. కన్ను తీసి, కళ్ళజోడు వెతుక్కుని పెట్టుకుని, నా వైపు తిరిగారు. ఎంత అని అడిగారు. అబద్ధం చెప్దామని నోరు తెరిచాను. నా మొహంలో ఏం చూశారో గానీ తల అడ్డంగా ఊపారు.

"రెండు పాయింట్ ఆరు" అన్నాను.

నీ గీత ఎంత చెప్పింది అని అడిగారు. అంతే చెప్పిందని తలూపాను. ఆయన జవాబు కోసం ఎదురు చూశాను. కింద వీధిలో ఎవరో స్కూటర్ స్టార్ట్ చేసుకుని వెళ్ళిపోయారు.

"లెక్క బాగా వేశావు హైమా" అన్నారు. ఎగతాళికి కాదు. నిజంగా సంతోషపడే అన్నారు, చూస్తే తెలిసిపోతోంది.

నాకు ఏడుపు ఆగలేదు. పక్కన కూర్చుని ఆయన చెయ్యి పట్టుకున్నాను. నేను పట్టుకున్నానని తెలిసి ఆయన వేళ్ళు నా చేతి చుట్టూ మూసుకోడానికి ఎంతసేపు పడుతుందో లెక్కపెట్టకూడదని గట్టిగా అనుకున్నాను. నావల్ల కాలేదు.